కల్యాణ మండపానికి ఎంత మెషీను కావాలి

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా ఇంటికి వస్తుంటారు. అందరూ ఒకటే అడుగుతారు, ఏది నేర్చుకోవాలని. ఏ భాష, ఏ ఫ్రేమ్‌వర్కు, ఏ క్లౌడు. నేను జవాబు చెప్పను. టీ ఇచ్చి, ఎవరి కోసం కడుతున్నావమ్మా అని అడుగుతాను. కొంతమంది మొహం చిట్లిస్తారు. ముసలమ్మకు ప్రశ్న అర్థం కాలేదనుకుంటారు. చిట్లించనివాళ్లతో కూర్చుని మాట్లాడతాను. ఇది చిట్లించినవాళ్ల కోసం రాస్తున్నాను, వాళ్లకే ఎక్కువ అవసరం కనుక.

ఒడిశాలోని బరంపురంలో వెబ్‌సైట్లు కట్టి బతికినదాన్ని. ఇప్పుడు మానేశాను. ఎన్ని కట్టానో, ఎవరెవరు శాలువా కప్పారో ఇక్కడ రాయను. అవి చదివితే మీకు ఒరిగేదేమీ లేదు.

తిరగబడ్డ అక్షరాలు

మాది సోనేపూర్, బాహుదా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర. మా ఇంట్లో అందరికీ వల అల్లడం వచ్చు, పేరు రాయడం ఎవరికీ రాదు. పెళ్లయ్యాక బరంపురం వచ్చాను. మా ఆయన ఒక ప్రింటింగ్ ప్రెస్సులో మెషీను నడిపేవాడు. అదే ప్రెస్సులో కాగితాలు మడతపెట్టే పనికి నేనూ కుదిరాను. అప్పటికి నాకు ఏ అక్షరమూ తెలియదు.

అక్షరాలు కూర్చే ఆయన తరచూ జ్వరాన పడేవాడు. ఆ రోజుల్లో గడుల పెట్టెలోంచి సీసం అక్షరాలు ఏరి ఇవ్వడానికి నన్ను నిలబెట్టేవారు. ఏ గడిలో ఏ అక్షరం ఉంటుందో ముందు తెలిసింది. దాన్ని ఏమంటారో తర్వాత తెలిసింది. సీసం అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది కదా, నాకు మొదట వచ్చినవన్నీ తిరగబడ్డవే. గోడ మీద సరిగా రాసిన మాట చదవడానికి ఇంకో ఏడాది పట్టింది. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు, మూడూ ఆ పెట్టెల్లోంచే వచ్చాయి.

అక్షరం ఆలస్యంగా వచ్చిన మనిషికి ఒక మేలుంది. నాకు అక్షరమంటే సీసం, చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. ఒక ఫోన్ నంబరు చూపించే పేజీకి ఇవాళ పిల్లలు ఎంత బరువు ఎక్కిస్తున్నారో చూస్తే నా మణికట్టు నొప్పి పుడుతుంది.

"కేతే?"

మా యజమాని ఒడియా ఆయన. మహాపాత్రో బాబు అనేవాళ్లం. ఎవరు గుమ్మం ఎక్కినా ఆయన మొదటి మాట "కేతే?" అనే. ఎన్ని అని. ఏం అచ్చు వేయాలి, ఏ రంగు, ఏ కాగితం, అవన్నీ తర్వాత. ముందు ఎన్ని. కాసిని విజిటింగ్ కార్డులంటే మూలనున్న కాలితో తొక్కే మెషీను మీదికి వెళ్లేవి. బడి పుస్తకాలంటే ప్లేట్లు చేయించి పెద్ద ఆఫ్‌సెట్ మీదికి.

ఒకసారి ఒక వకీలు గారు తన కార్డులు ఆఫ్‌సెట్ మీదే వేయాలని పట్టుబట్టారు. కొత్త మెషీను, పేరున్న మెషీను అని ఆయన ఎక్కడో విన్నారు. మహాపాత్రో బాబు లేచి, ఆయన్ని ఆ మెషీను దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు.

"ఆజ్ఞా బాబూ, ఇది వేడెక్కేలోపు మీ కార్డులైపోతాయి. మిగిలిన కాగితం మీద ఎవరి పేరు వెయ్యమంటారు?"

"తొక్కుడు మెషీను మీద వేస్తే పరువు తక్కువ కాదా?"

"కార్డు తీసుకున్నవాడు మీ పేరు చూస్తాడు బాబూ. మెషీను పేరు చూడడు."

వకీలు గారు నవ్వి ఒప్పుకున్నారు. వెబ్ పనిలో నేను వాడిన విద్యకు మొదలు ఆయన 'కేతే' అన్న ఒక్క మాటే. తర్వాత దానికి తోక తగిలింది. ఆ తోక ఎలా తగిలిందో ముందుకు చదివితే తెలుస్తుంది.

చమఖండి ఎండుచేప

ప్రెస్సు పని తగ్గాక కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చడం నేర్చుకున్నాను, అక్కణ్ణుంచి వెబ్ పేజీల్లోకి వచ్చాను. సొంతంగా చిన్న ఆఫీసు పెట్టుకున్న కొత్తలో చమఖండి నుంచి కామయ్య వచ్చాడు. ఎండుచేపలు టోకున అమ్మే మనిషి. నన్ను అప్పా అంటాడు, అంటే అక్కా అని.

"అప్పా, పెద్ద కంపెనీవోలకి ఉన్నట్టు ఉండాల నాకు. బుట్ట బొమ్మ, కార్డుతోటి కట్టేది, సరుకు ఏ దారిలో వస్తందో సూపించేది, అన్నీ ఉండాల."

"నీ దగ్గర కొనేవోలు ఎవురు?"

"ఆలంతా నాకెరికే. మా నాన్న కాలం నుంచీ కొంటన్నారు."

"కావలిస్తే ఏటి సేస్తారు?"

"ఫోన్ సేస్తారు."

"సేప నేని రోజు?"

"ఫోన్ సేసి తిడతారు."

"అయితే నీకు బుట్టెందుకు? ఇయాల ఏ సేప ఉందో, ఏది నేదో సెప్పే పలకుంటే సాలు."

కామయ్య చిన్నబుచ్చుకున్నాడు. పలకేమిటి, పిల్లల బడా అన్నాడు. అయినా కట్టించుకున్నాడు. ఒక్కటే పేజీ. వెనకాల డేటాబేసు లేదు, పైన ఫ్రేమ్‌వర్కు లేదు. చేపల పేర్లు, ఉందా లేదా, ఫోన్ నంబరు. పొద్దున్నే వాళ్ల కోడలు ఫోన్‌లోంచి మారుస్తుంది. సిగ్నలు సన్నగా ఉండే ఇసకలో నిలబడినా తెరుచుకుంటుంది. నేను పని మానేశాను గానీ అది ఇంకా మానలేదు. కామయ్యను ఇప్పుడు తిట్టడానికి ఫోన్ చేసేవాళ్లు తగ్గారట, ఏమీ తోచట్లేదంటాడు.

చిన్నది కట్టమంటే తక్కువ చేసినట్టు అనుకోకండి. పెరిగినప్పుడు మార్చుకోవచ్చు. పెరగనిదానికి ముందే పెద్ద ఇల్లు కడితే ఊడ్చుకోవడమే పని.

రిపేరు చేసేవాడు ఎక్కడుంటాడు

సొంత ఆఫీసుకు ముందు కొన్నాళ్లు ఒకాయన దగ్గర పనిచేశాను. ఆయన పేరు రాయను. మంచివాడే, కానీ కొత్త సామాను చూస్తే ఆగలేడు. ఏ యేటికి ఏది కొత్తగా వస్తే ఆ యేడు వచ్చిన గిరాకీలందరినీ అందులోకి తోసేవాడు. దిగపహండిలో ట్యూషన్లు చెప్పే ఒక మాస్టారికి అలాగే అప్పటికి అందరికంటే కొత్తదైన దానిలో సైటు కట్టించాడు. చూడ్డానికి బాగుంది, పేజీ మారుతుంటే తెర జారినట్టు జారేది. కట్టిన కుర్రాడు బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు మాస్టారు బస్సెక్కి వచ్చారు. పరీక్ష తేదీ మారింది, సైటులో మార్చాలని.

"మార్చేవాడు బెంగళూరులో ఉన్నాడండి," అన్నాడు మా యజమాని.

"పరీక్ష దిగపహండిలో కదండీ," అన్నారు మాస్టారు.

మేమెవరమూ ఆ తేదీ మార్చలేకపోయాం. ఆ సామాను మా ఎవరికీ రాదు. మాస్టారు గేటుకు కాగితం అంటించుకున్నారు. అది అందరూ చదివారు.

ఎంతమంది వాడతారన్నదే కొలత అనుకుంటారు పిల్లలు. ఎంతమంది బాగుచేయగలరన్నది కూడా కొలతే. మీ గిరాకీ ఉండే ఊరికి బస్సు దూరంలో బాగుచేసే మనిషి దొరకని సామాను, ఎంత గొప్పదైనా, ఆ ఊరికి పెద్దదే. ఈ మాట అన్నందుకు నన్ను పాతకాలపు మనిషి అన్నారు. అననివ్వండి.

ఉగాది పొద్దు

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఇది నేను పని మానే ముందు చేసిన చివరి పెద్ద పని. పెద్దదంటే పనికి పెద్దది కాదు, ఒక మనిషికి పెద్దది.

మా తెలుగువాళ్ల సంఘానికి బరంపురంలో ఒక కల్యాణ మండపం ఉంది. దాన్ని చూసుకునేది సింహాచలం. భార్యతో కలిసి మండపం పక్క గదిలోనే కాపురం. ఆ సంఘానికి పాత కట్టుబాటు ఒకటుంది. ఉగాది నాడు మండపంలో పంచాంగ శ్రవణం అయ్యేదాకా రాబోయే ఏడాది ముహూర్తాలు ఎవరికీ ఇవ్వరు. ఎంతటివాడు అడిగినా ఇవ్వరు. పంతులు గారు పంచాంగం చదివి మూయగానే, పెళ్లిళ్లున్న ఇళ్ల పెద్దలు తాంబూలం పళ్లేలతో సింహాచలం చుట్టూ మూగుతారు. ఎవరి తాంబూలం ముందు అతని చేతిలో పడితే ఆ ముహూర్తం వాళ్లది. అరుపులు, తోపులాట, నవ్వులు. కానీ పడిన తాంబూలం పడినట్టే, తర్వాత మాటుండదు.

అంతకు ముందు ఉగాదికి ఏమైందంటే, సింహాచలం చేతిలో ఒక ఇంటి తాంబూలం పడుతున్న వేళకే, సంఘం ప్రెసిడెంటు గారు విశాఖపట్నంలోని చుట్టాలకు అదే ముహూర్తం ఫోనులో ఒప్పేసుకున్నారు. రెండిళ్లవాళ్లూ శుభలేఖలు వేయించుకున్నాక గాని బయటపడలేదు. ఒకరు ఏడుస్తూ వేరే చోటు చూసుకున్నారు. నింద మాత్రం సింహాచలం మీద పడింది. సంఘం కూర్చుని తీర్మానించింది. ఈసారి అంతా కంప్యూటర్‌లో పెట్టాలి. అయినా మళ్లీ ఇలాంటిది జరిగితే మండపాన్ని కాంట్రాక్టుకు ఇచ్చేయాలి. కాంట్రాక్టరు వస్తే తన మనుషులతోనే వస్తాడు. సింహాచలానికి పనీ పోతుంది, గదీ పోతుంది.

అతను మా ఆఫీసుకు వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"సత్తెమప్పా, నానేటి తప్పు సేసినాను? నా సేతిలో ఒక తాంబూలమే పడింది. రెండోది ఫోనులో పడింది. ఫోనుకి సెయ్యుందేటి, నాను పట్టుకోడానికి?"

"నేదు. దానికి సెయ్యి పెట్టించడానికే నా దగ్గరికి వొచ్చినావు. టీ తాగు."

అప్పటికే మా ఆఫీసు లలిత చేతిలోకి వెళ్తోంది. భువనేశ్వర్‌లో పెద్ద కంపెనీలో చేసి, భర్తకు ఇక్కడి కాలేజీలో ఉద్యోగం రావడంతో బరంపురం వచ్చిన పిల్ల. నన్ను పిన్నీ అంటుంది. సింహాచలం వెళ్లాక ఆమె గోడ బోర్డు నిండా డబ్బాలు గీసింది.

"ఈ డబ్బాలన్నీ ఏటి?"

"ఇది మనుషుల సర్వీసు, ఇది తేదీల సర్వీసు, ఇది మెసేజీల సర్వీసు. దేని మీద లోడు పెరిగితే దాన్ని విడిగా పెంచుకోవచ్చు పిన్నీ. పైన పేజీ అంతా రియాక్ట్‌లో చేస్తా."

"మండపాలెన్ని?"

"ఒకటి."

"సింహాచలాలెంతమంది?"

"ఒక్కడే."

"ఒక్కడే వొండి ఒక్కడే వొడ్డించే ఇంటికి ఇన్ని వొంటగదులెందుకే? గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు?"

లలిత మార్కరు కింద పెట్టింది. "మీరేం చెప్తారో కూడా నాకు తెలుసు. చవక హోస్టింగు, మీ పాత పీహెచ్‌పీ, ఒక డేటాబేసు. ఏడాదంతా కులాసాగా నడుస్తుంది. ఉగాది పొద్దున్న పడిపోతుంది. ఆ ఒక్క పొద్దే కదా పిన్నీ వాళ్లకు కావలసింది."

ఆమె అన్నది నిజం. చవక హోస్టింగు అంటే ఒకే లోగిట్లో చాలా కాపురాలకు ఒకే కుళాయి ఉండడం. మామూలు రోజుల్లో నీళ్లకు లోటుండదు. ఒక ఇంట్లో పెళ్లి వస్తే ఆ ఇంటికీ చాలవు, పక్కింటికీ రావు. నాకు ప్రెస్సు గుర్తొచ్చింది. మూఢం వచ్చిందంటే మెషీన్ల మీద గుడ్డలు కప్పి కూర్చునేవాళ్లం. ముహూర్తాలు మొదలైతే ఊళ్లోని శుభలేఖలన్నీ ఒకే వారంలో వచ్చి పడేవి. మహాపాత్రో బాబు ఆ వారానికి మాత్రం పక్క ప్రెస్సు మెషీనును అద్దెకు మాట్లాడుకునేవాడు. కొనేవాడు కాదు. అంటే ఆయన 'ఎన్ని' అని అడిగి ఊరుకోలేదు. 'ఒకేసారి ఎన్ని' అనేది ఆయన మనసులో ఉండేది, పైకి అనేవాడు కాదు. తోక అని ముందు రాశానే, అది ఇదే.

నేనీ మాట అంటే లలిత ఇంకొకటి కలిపింది. "ఒకేసారి ఎన్ని కాదు పిన్నీ, ఒకే వస్తువు మీద ఒకేసారి ఎన్ని. మాఘమాసంలో మంచి ముహూర్తం ఒక్కటుంటే అందరూ దాని మీదే పడతారు. ఎన్ని సర్వర్లు పెట్టినా ఆ ముహూర్తం ఒక్కటే."

అక్కడికి ఇద్దరం ఒక దారికొచ్చాం. తేదీలు చూడడం వేరు, తేదీ పట్టుకోవడం వేరు. చూసేవాళ్లు ఊరంతా ఉంటారు, పనికి వలసపోయి సూరత్ మగ్గాల దగ్గరున్న మావాళ్లూ ఉంటారు. వాళ్లకు ఒట్టి పేజీ చాలు, డేటాబేసును కదపనక్కర్లేదు. పట్టుకునేవాళ్లు తక్కువమంది. వాళ్ల కోసం ఒకే సర్వరు, ఒకే డేటాబేసు. ఆ డేటాబేసులోనే నియమం, ఒక ముహూర్తానికి ఒకే పేరు, ఒకే వరస. రెండోది రాయబోతే అదే వెనక్కి తోసేస్తుంది. రెండో తాంబూలం పడడానికి చోటే ఉండకూడదు. ఆ వారం మటుకు సర్వరును పెద్దది చేసి, తర్వాత తగ్గించాలి. పీహెచ్‌పీ నా మాట, అద్దె సర్వరు లలిత మాట. డబ్బాలు తుడిచేటప్పుడు ఆమె మొహం ముడుచుకుంది గానీ నియమం రాసింది తనే. చాలా శుభ్రంగా రాసింది.

మధ్యలో ప్రెసిడెంటు గారు వచ్చి మొదటి పేజీలో మండపం అలంకరణ వీడియో ఆడాలన్నారు.

"అందరూ ఆ మండపంలో పెళ్లాడినోలే కదా బాబూ. ఇంకా ఎవురికి సూపిస్తారు?" అన్నాను.

"అందంగా ఉంటుందమ్మా."

"అందం సూస్తుండగా ముహూర్తం పోద్ది. తర్వాత పెట్టుకోండి."

ఇప్పటికీ పెట్టలేదు.

మేనమామ ఊరుకోడు

ఉగాదికి కొన్ని రోజుల ముందు ఉత్తుత్తి ముహూర్తాలు పెట్టి పరీక్ష చేశాం. సంఘంవాళ్లందరికీ చెప్పాం, మీ చుట్టాలకు కూడా చెప్పండి, నిజమే అనుకుని పట్టుకోండి అని. లలిత మండపంలో ల్యాప్‌టాప్ పెట్టుకు కూర్చుంది. సింహాచలం భార్య అందరికీ అటుకుల ఉప్మా పెట్టింది. సింహాచలం మాత్రం తినలేదు, లలిత వెనకాల నిలబడ్డాడు, అర్థం కాకపోయినా తెర చూస్తూ.

సర్వరు పడలేదు. ఏ ముహూర్తమూ ఇద్దరికి పోలేదు. లలిత వెనక్కి వాలింది. "అయిపోయింది బాబాయ్. మీ గది మీకే."

అప్పుడు సింహాచలం ఫోను మోగింది. మా వీధిలోని నూకరత్నం, పెళ్లీడు కూతురున్న మనిషి. గొంతు అందరికీ వినిపించింది.

"తమ్ముడా, మా పిల్లకి మా ఆయన ఒక రోజు పట్టినాడు. సూరత్‌లోని మా అన్న ఒకటి పట్టినాడు. మా మరిది ఇంకోటి పట్టినాడంట. ఏ రోజు సేద్దామో నువ్వే సెప్పు."

అది పెట్టీ పెట్టకముందే ఇంకొకరు. వాళ్లకూ అంతే, బాబాయి ఒకటి, బావ ఒకటి. లలిత పేర్లన్నీ ముందేసుకుని చూసింది. ముహూర్తాలన్నీ అయిపోయాయి. పెళ్లికూతుళ్లు మాత్రం కొద్దిమందే. మిగతా ఇళ్లకు ఏమీ మిగల్లేదు.

దీన్ని అత్యాశ అనకండి. మా వాళ్లలో పిల్ల పెళ్లంటే మేనమామ ఊరుకోడు, బాబాయి ఊరుకోడు. చేతిలో ఫోనుండి నొక్కకపోతే ప్రేమ లేదని మాటొస్తుంది. మండపంలో అయితే పళ్లెం పట్టుకునేది ఇంటిపెద్ద ఒక్కడే, మేనమామ వెనకాల నిలబడి తోసేవాడు. ఫోనులో వెనకాల అనేది లేదు, అందరూ ముందే.

సింహాచలం నేల మీద కూలబడ్డాడు. "అప్పా, నిరుడు ఇద్దరు తిట్టినారు. ఈయేడు ఊరంతా తిడతాది."

"ఒక ఫోనుకి ఒక తేదీ అని పెడతాను," అంది లలిత.

"మేనమామకి ఫోను నేదేటి?" అన్నాను.

"అయితే ఇంకేం చేస్తాం పిన్నీ?"

మళ్లీ ప్రెస్సే అక్కరకొచ్చింది. ఒకే పెళ్లికి తండ్రి తెలుగు శుభలేఖలు తెచ్చేవాడు, మేనమామ ఒడియాలో తెచ్చేవాడు, ఆఫీసులో చేసే చిన్నాన్న ఇంగ్లీషులో. మహాపాత్రో బాబు వాటిని తెచ్చినవాడి పేరు మీద ఎప్పుడూ పెట్టేవాడు కాదు. తెచ్చినవాడి పేరు మీద పెడితే ఒక పెళ్లి మూడు పెళ్లిళ్లవుతుంది అనేవాడు. అన్నీ పెళ్లికూతురి పేరు కిందికే వెళ్లేవి.

"లలితా, నొక్కినోడి పేరు తీసెయ్. పెళ్లికూతురి పేరెట్టు. పిల్ల ఒక్కతే కదా, తేదీ ఒక్కటే."

"ఊళ్లో లక్ష్మి ఒక్కతేనా పిన్నీ? ఒకడు లక్ష్మి అని రాస్తాడు, ఇంకొకడు లచ్చి అని రాస్తాడు. డేటాబేసుకు వాళ్లిద్దరూ వేరు వేరు." కాసేపు పెన్ను కొరికింది. "పేరు వద్దు. ఉగాదికి ముందే ప్రతి పెళ్లికూతురికీ ఒక నంబరు ఇద్దాం. ఇంట్లో ఎవరు నొక్కినా ఆ నంబరుతోనే నొక్కాలి. ఒకసారి తేదీ దొరికితే ఆ నంబరు మూసుకుపోతుంది."

"నంబరు ఎవురిస్తారు?"

లలితా నేనూ సింహాచలం వైపు తిరిగాం. ఇవ్వాల్సింది ఎవరో తెలిసిపోతూనే ఉంది.

"ఇంటిపెద్ద తాంబూలం తెచ్చి నా సేతిలో పెడితే ఇస్తాను," అన్నాడు సింహాచలం, నేల మీంచే. "తేదీ అడక్కూడదు. పిల్ల పేరు సెప్పాల, అంతే. తాంబూలానికి రమ్మంటే ఎవురు రారు?"

అలాగే చేశాం. ఉగాది లోపు ఇంటింటి పెద్దలూ పళ్లేలతో వచ్చారు. సూరత్‌లో ఉన్నవాళ్ల తరఫున ఊళ్లో ఉన్న అన్నో మామో వచ్చారు. సింహాచలం తెల్ల చొక్కా తొడుక్కుని గది ముందు కూర్చుని అందుకున్నాడు. ఇందులో మేము ముందు చూడని లాభం ఒకటి బయటపడింది. పెళ్లికూతుళ్లు ఎంతమందో ఉగాదికి ముందే తెలిసిపోయింది. లలిత ఆ లెక్క చూసి, పెద్దదనుకున్న సర్వరును కొంచెం తగ్గించింది కూడా. మహాపాత్రో బాబు ప్రశ్నకు జవాబు పళ్లేలలో నడిచి వచ్చింది.

ఉగాది నాడు మండపం నిండిపోయింది. పంతులు గారు ఆ యేడు వానలు, పంటలు, ఆదాయవ్యయాలు నిదానంగా చదివారు. ఆయనకు తొందర లేదు, వినేవాళ్లకు ఉంది. కండువాల కింద అందరి చేతుల్లోనూ ఫోన్లు. ఆయన పంచాంగం మూశారు. సింహాచలం లలిత వైపు తలూపాడు. లలిత తెరిచింది.

ప్రతి ఉగాదికీ అరుపులతో దద్దరిల్లే మండపంలో చీమ చిటుక్కుమనలేదు. అందరి తలలూ కిందికే. తర్వాత ఒక మూల నుంచి ఒక ఆడమనిషి గొంతు, "పడింది," అని. ఇంకో మూల నుంచి ఇంకొకటి. నూకరత్నం ఇంట్లో తేదీ దొరికింది సూరత్ అన్నకు. ఆమె భర్త నొక్కితే 'మీ అమ్మాయికి ముహూర్తం దొరికింది' అని వచ్చింది. ఆయన ఫోను పైకెత్తి అందరికీ చూపించాడు, తనే గెలిచినట్టు.

మాఘంలోని ఆ మంచి ముహూర్తం కోసం ప్రెసిడెంటు గారు తమ్ముడి కూతురి నంబరుతో నొక్కారు. దొరకలేదు. దిగపహండి దగ్గర సాగు చేసుకునే ఒక ఇంటికి పోయింది. ఆయన లేచి సింహాచలం పక్కకొచ్చి నెమ్మదిగా అడిగారు.

"కొంచెం సర్దలేవా సింహాచలం?"

"నా సేతిలో ఏటుంది బాబూ. మీరే కదా తీసేసి కంప్యూటర్‌లో ఎట్టమన్నారు."

ప్రెసిడెంటు గారు తల పంకించి, వెళ్లి రెండో ముహూర్తానికి నొక్కుకున్నారు. అది దొరికింది. ఆ సాయంత్రం సంఘం కూర్చున్నప్పుడు కాంట్రాక్టు ఊసు ఎవరూ ఎత్తలేదు. సింహాచలం గదికి సున్నం వేయించాలన్న మాట మాత్రం వచ్చింది.

జనం పలచబడ్డాక అతను ఒక ఆకూ వక్కా తెచ్చి లలిత ముందు నిలబడ్డాడు.

"ఆ మెసీను ఎక్కడుంది తల్లీ?"

"బొంబాయిలో ఉంది బాబాయ్."

"అంత దూరం నాను ఎల్లలేను." ఆకువక్క ల్యాప్‌టాప్ పక్కన పెట్టాడు. "దానికీ మర్యాద సెయ్యాల కదా."

లలిత దాని తరఫున నమిలింది.

మర్నాడు ఆఫీసులో సర్వరు చిన్నది చేయడానికి కూర్చుని లలిత నన్ను పిలిచింది. సైటులోకి ఎవరూ రావడం లేదు, ఒకే ఒక్క ఫోను మాత్రం వస్తూ పోతూ ఉంది. వస్తుంది, తేదీల పేజీ తెరుస్తుంది, వెళ్లిపోతుంది, మళ్లీ వస్తుంది. ఎవరిదో నాకు తెలిసిపోయింది. ఫోన్ చేశాను.

"ఏటి సేస్తన్నావు సింహాచలం?"

"ఏటీ నేదప్పా. ఉన్నాయో నేదో అని సూస్తన్నాను."

"ఉన్నాయా?"

"ఉన్నాయి. ఎక్కడియి అక్కడే ఉన్నాయి. ఇంకోపాలి సూసుకోవచ్చా? అరిగిపోదు కదా?"

"అరగదు. సూసుకో."

ఫోను పెట్టి లలితతో చెప్పాను, పెద్దది తీసెయ్యమని, ఒక్క మనిషి ఎన్నిసార్లు వచ్చి చూసుకున్నా తెరుచుకునేంత ఉంచితే చాలని. ఇప్పటికీ దాని కొలత అంతే.